ఇంట్లకొచ్చిన అంగడి

"తాతా, టీవీ లేకుంటే ఏ సబ్బు మంచిదో మీకెట్ల తెలిసేది?" అని అడిగింది చిన్న మనుమరాలు. సంక్రాంతి సెలవులకు పట్నం నుంచి పిల్లలంత వచ్చిండ్రు. చలికి వాకిట్ల పత్తికట్టె ఏసి మంట పెట్టినం. ఫోన్లు పక్కకు పెడితేనే చెప్త అన్న. పెట్టిండ్రు. ఇగ ఇనుండ్రి.

నేను పోలీస్ యాక్షన్ అయిన యేడు, అంటే 1948ల పుట్టిన. గప్పుడు మన రామన్నపేట నల్లగొండ జిల్లా. 2016ల యాదాద్రి భువనగిరి జిల్లా అయింది గని నా నోటికి ఇంకా నల్లగొండే వస్తది. మా నాయినది కిరాణా దుకాణం. ఆయన తర్వాత గల్లపెట్టె కాడ నేను కూసున్న. మనుషులు ఏం కొంటరు, ఎందుకు కొంటరు అన్నది నేను పుస్తకాలల్ల చదువలే, ఆ పెట్టె ఎనుక కూసుండి చూసిన.

అంగడి వారానికి ఒక్కనాడు. తెల్లారకముందే చుట్టుపక్కల ఊర్ల బండ్లు దిగేవి. సిరిపురం, వెల్లంకి సాలోళ్లు మూటలు విప్పి చీరెలు, పంచెలు, తువ్వాలలు పరిచేటోళ్లు. కుమ్మరోళ్లు కుండలు, మేదరోళ్లు చాటలు, గంపలు, కురుమోళ్లు గొంగళ్లు తెచ్చేటోళ్లు. ఇంకో దిక్కు మిరపకాయ, ఉల్లిగడ్డ, బెల్లం, మేకలు, కోళ్లు. పొద్దుమూకే వరకు అంతా ఖాళీ. మల్ల ఆరు దినాలు అంగడి లేదు. ఆ ఆరు దినాలు ఏదన్న కొనాలె అన్న సోయి కూడ మనిషికి ఉండకపోయేది. ఉప్పో, చింతపండో, గ్యాసునూనో అయిపోతే మా దుకాణానికి వచ్చేటోళ్లు, అంతే.

అంగట్ల అర్సుడు ఉండె. "పచ్చి మిరపకాయ, నిగనిగ" అని గొంతు పోయేటట్టు అర్సేటోళ్లు. డప్పు సాటింపు ఉండె గని అది సర్కారు మాటలకు, జాతరకు, తప్పిపోయిన గొడ్డుకు. సరుకు అమ్ముకునేటందుకు ఊరంత డప్పు కొట్టిచ్చినోన్ని నేను చిన్నప్పుడు చూడలే. అవసరం లేకుండె. ఎందుకంటే కుండ ఎవలు చేసిండో తెలుసు, చీరె ఎవలు నేసిండో తెలుసు. కుండ కారితే వచ్చే అంగట్ల ఆ కుండనే తెచ్చి కుమ్మరాయన ముందు పెట్టి పది మందిల అడిగేటోళ్లు. ఆయన సిగ్గుపడి ఇంకోటి ఇచ్చేటోడు. సరుకుకు పూచీ ఏందంటే, అమ్మినోడు వచ్చే వారం మల్ల అక్కడనే కూసోవాలె. గిది యాదిల పెట్టుకోండ్రి, నా ముచ్చటంత దీని మీదనే నడుస్తది.

అయితే ఉత్తగ ఇచ్చి అలవాటు చేసే విద్య మీ ఫోన్లతోని మొదలయిందనుకోకుండ్రి. నా కంటె ముందటిది అది. మా నాయినమ్మ కాపురానికి వచ్చినప్పుడు ఇంట్ల చాయ అన్నదే లేదట. పొద్దుగాల అంబలి, గట్క, సద్దన్నం. 1930లల్ల విదేశాలల్ల తేయాకు ధర పడిపోయింది. తోటల కంపెనీలోళ్లకు సరుకు మిగిలిపోయింది. ఇంతమంది జనం ఉన్న దేశంల చాయ తాగేటోళ్లు తక్కువున్నరని గమనించి, అలవాటు చేసేటందుకు ఒక బోర్డే పెట్టుకున్నరు. జాతర్లల్ల, రైలు స్టేషన్లల్ల, బజార్లల్ల నిలబెట్టి మరీ చాయ తాపిచ్చిండ్రు, ఎట్ల కాయాల్నో చూపిచ్చిండ్రు. ఊరికే వస్తే మావాడు ఇంకొకడున్నడని సామెత ఉండనే ఉండె. ఇయ్యాల చాయ తాగకపోతే మీ నాయినకు తలకాయ నొస్తది. ఆ నొప్పి మన తాతలకు లేదు బిడ్డా, అది నేర్పిన నొప్పి.

తర్వాత డాల్డా. 1937ల ఆ పేరుతోని వచ్చింది. వాళ్లు డబ్బా ఆకారంల పెద్ద మోటరు బండి తయారు చేయించి పట్నం వీధులల్ల తిప్పిండ్రు, సినిమా తీసి చూపిచ్చిండ్రు. నెయ్యి తినే దేశానికి నూనెను గడ్డ కట్టిచ్చి అమ్మాలంటే గంత కథ పడాలె మరి. మన ఊర్లకు వచ్చేటాల్లకు చాన యేండ్లు పట్టింది. పసుపు పచ్చ డబ్బా, మీద పచ్చటి చెట్టు బొమ్మ. చదువు రానోళ్లు బొమ్మ చూసే అడిగేటోళ్లు. లోపలి డాల్డా పెండ్లి వంటకు, ఖాళీ డబ్బా సచ్చేదాక పనికి. పప్పు పోసుకున్నరు, తులసి చెట్టు పెట్టుకున్నరు, పొద్దుగాల చెలక దిక్కు పోతే చేతిల అదే డబ్బా. నవ్వకుండ్రి. కంపెనీ వాడు పైసా ఇయ్యకుండ మన చేతుల మీద ఊరంత తిరిగిన ప్రచారం అది.

మన తెలుగోళ్లల్ల ఈ విద్య బాగ ఎరిగిన పెద్దమనిషి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. కృష్ణా జిల్లా ఎలకుర్రు ఆయనది. 1893ల బొంబాయిల అమృతాంజనం తయారు చేసిండు. మొదట ఎవలు కొంటరు? సంగీత కచేరీలకు పోయి ఉత్తగ పంచిండు. రాసుకున్నోళ్లు తర్వాత దుకాణంల అడిగి కొన్నరు. ఆ మందు మీద వచ్చిన పైసలతోని 1908ల ఆంధ్రపత్రిక పెట్టిండు. మొదలు బొంబాయిల వారపత్రిక, 1914ల మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేసిండు. స్వతంత్ర పోరాటానికి ఆ పత్రిక ఎంతో సాయపడ్డది. మన నల్లగొండల గూడ 1922లనే నీలగిరి పత్రిక వచ్చింది, 1926ల సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక పెట్టిండు. నిజాం రాజ్యంల తెలుగు పత్రిక నడుపుడంటే చేతి పైసలు పోగొట్టుకునుడే.

ఇక్కడ ఒక సంగతి గమనించుండ్రి. పంతులుగారు మందు అమ్మి పత్రిక బతికిచ్చిండు. తర్వాతి కాలంల అది తిరగబడ్డది. మందులు, చీరెలు, ప్లాట్లు అమ్మేటోళ్ల పైసల మీద పత్రిక బతుకుడు మొదలయింది. మీరు పేపరుకు ఇచ్చే రూపాయలు దాని కాగితం ఖర్చుకే సరిపోవు. మిగిలింది మొదటి పేజి నిండ బంగారం బొమ్మ ఏయించినాయన కడతడు. గందుకే ఒక్కోసారి మొదటి పేజిల వార్త కనపడది, మూడో పేజి దాక పోవాలె.

రేడియో కూడ గట్లనే. మేం చిన్నగున్నప్పుడు పంచాయతీ ఆఫీసు కాడ ఒకటే రేడియో, పైకి మైకు కట్టి పెట్టేటోళ్లు. పొద్దుమూకినంక పొలం పనుల మాటలు, వార్తలు, పాటలు. ఇంట్ల పెట్టుకోవాలంటే యేడాదికోసారి పోస్టాఫీసుల లైసెన్సు పైసలు కట్టాలె. కట్టకపోతే జుర్మానా. 1980లల్ల గని ఆ లైసెన్సు తీసెయ్యలే. అంటే వినేటోడు కట్టిన పైసలతోని రేడియో నడిచింది. అందుకే దాని మాట వినేటోని కోసం ఉండె.

పాటల పిచ్చి ఉన్నోళ్లు మాత్రం సిలోన్ పెట్టేటోళ్లు. తెలుగు పాటలు ఏసే మీనాక్షి పొన్నుదురై గొంతు ఎరుగనోళ్లు అప్పుడు లేరు. హిందీల బుధవారం రాత్రి అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా. 1952ల మొదలయింది. బినాకా అంటే ఏందనుకుంటున్నరు? పండ్లు తోముకునే పేస్టు. పాటల పంక్తికే పేస్టు పేరు పెట్టిండ్రు. పాట ఎంత తీపో పేస్టు పేరు అంత తీపి అయింది. మన వివిధ భారతి 1957ల వచ్చింది గని పదేండ్ల దాక వ్యాపార ప్రకటన ఏయలే. 1967 నవంబరుల బొంబాయి దిక్కు మొదలుపెట్టిండ్రు, తర్వాత మెల్లమెల్లగ అన్ని దిక్కుల. అప్పటి సంది పాటకూ పాటకూ నడుమ సబ్బు, తలనూనె, తలనొప్పి గోళీ. మా దుకాణంల రేడియో మోగుతుంటే, సరుకు కొనేటందుకు వచ్చిన పిల్లగాండ్లు ఆ సబ్బు పాటలు తప్పు లేకుండ పాడేటోళ్లు. బడిల ఎక్కం అడిగితే మాత్రం నేల చూపులు.

సినిమా ప్రచారం మాకు పండుగ. డేరా టాకీసు ఊరికి వస్తే, బండికి రెండు దిక్కుల బొమ్మలు కట్టి, మైకు పెట్టి, గులాబి రంగు కాగితాలు ఇసురుకుంట పోయేటోళ్లు. కాగితాల కోసం బండి ఎంబడి ఉరుకుడు. ఆట నడుమ తెర మీద స్లైడులు పడేవి. నల్లగొండ బట్టల దుకాణం, భువనగిరి సైకిల్ దుకాణం. గదాంట్ల గూడ ఒక పద్ధతి ఉండె. దుకాణం పేరు, ఉన్న జాగ, ఇంత సరుకు ఉన్నది అని చెప్పుడే. "ఇది కొనకపోతే నువ్వు తక్కువ మనిషివి" అని చెప్పుడు ఇంకా రాలే.

టీవీ మొదలు ఎట్ల వచ్చిందో తెలిస్తే మీరు నమ్మరు. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతోని 1975 ఆగస్టు నుంచి 1976 జూలై ఆఖరు దాక, ఆరు రాష్ట్రాల 2,400 ఊర్లల్ల టీవీ పెట్టి చూపిచ్చిండ్రు. సైట్ అనేటోళ్లు దాన్ని. అండ్ల మన మహబూబ్‌నగర్ జిల్లా ఊర్లు కూడ ఉండె. కోళ్ల గూటికి కొట్టే జాలితోని చేసిన పెద్ద గొడుగు అసొంటి యాంటెన్నా, బడి ముందట పెట్టె, దాని ముందు ఊరంత. ఏం చూపిచ్చిండ్రు? ఎవుసం, పిల్లల ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, బడి పాఠాలు. సబ్బు లేదు, బిస్కిట్ లేదు. యేడాది కాంగనే ఉపగ్రహం పక్కకు పోయింది, తెర ఆరిపోయింది.

అదే కాలంల, 1976 జనవరి 1 నాడు, దూరదర్శన్‌ల వ్యాపార ప్రకటనలు మొదలయినయి. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ కేంద్రం వచ్చింది. ఒక చేతితోని పల్లెకు పాఠం చెప్పే టీవీ, ఇంకో చేతితోని పట్నానికి సరుకు అమ్మే టీవీ. రెండింట్ల ఏది మిగిలిందో మీకే తెలుసు.

మన ఊర్ల టీవీ జోరు రామాయణంతోని. 1987 జనవరి నుంచి ఆదివారం ఆదివారం పొద్దుగాల. ఎవలింట్ల టీవీ ఉంటే వాళ్లింట్ల ముప్పై నలభై మంది. కొందరు టీవీకి బొట్టు పెట్టి టెంకాయ కొట్టేటోళ్లు. దేవుడు వచ్చే ముందట ప్రకటనలు. చెప్పులు విడిచి, చేతులు కట్టుకొని కూసున్న జనం ఆ ప్రకటనలను గూడ అంతే భక్తితోని చూసిండ్రు. అంగడి ఇంట్లకొచ్చి కూసున్నది ఆ దినాలల్లనే అంట నేను.

గల్లపెట్టె ఎనుక నాకు కనపడ్డ మార్పు చెప్త. అంతకుముందు గిరాకి వచ్చి "సావుకారీ, బట్టల సబ్బియ్యి" అనేటోడు. నేను చెయ్యి పెట్టి ఏది తీస్తే అది తీసుకపోయేటోడు. బాగలేకపోతే మర్నాడు వచ్చి నన్నే తిట్టేటోడు. టీవీ వచ్చినంక సరుకు పేరు చెప్పుడు మొదలయింది. నిర్మా కావాలె, వేరేది వద్దు. నిర్మా కథ గూడ చెప్పాలె, అది అంత చెడ్డ కథ కాదు. అహ్మదాబాద్‌ల కర్సన్‌భాయ్ పటేల్ అనే ఆయన 1969ల పెరట్ల పొడి కలిపి సైకిల్ మీద అమ్మిండు. సర్ఫ్ కిలో పదమూడు రూపాయలు ఉన్న కాలంల ఆయన మూడు రూపాయలకు ఇచ్చిండు. రేడియోల, టీవీల దాని పాట మోగింది. చాకిరేవుల సౌడు మట్టితోని బట్టలుతికిన ఆడోళ్ల చేతులకు ఆ పొడి సుఖమిచ్చింది. అది కాదనలేం. గని మాట మాత్రం నా చేతిలకెళ్లి పోయింది. గిరాకికి, సరుకుకు నడుమ పూచీ ఉన్న మనిషిని నేను. ఆ జాగల టీవీల పాట కూసున్నది. పాటను ఎవలు తిడతరు? తిట్టినా అది ఇంటదా?

చూసి చూసి దొంగ సరుకు గూడ దిగింది. అదే రంగు, అదే బొమ్మ, పేర్ల ఒక్క అక్షరం తేడ. బొమ్మ చూసి కొనేటోళ్లు అది ఎట్ల పట్టుకుంటరు? టీవీ పెంచిన ఆశ మీద ఆ దొంగలు బతికిండ్రు.

ఇంకోటి పాకిట్లు. షాంపూ అంటే సీసాల ఉండేది, పట్నపోళ్ల సరుకు. మన ఆడోళ్లు కుంకుడుకాయ, శీకాయ, రేగడి మట్టి పెట్టుకునేటోళ్లు. తమిళనాడుల కడలూరు నుంచి 1983ల చిక్ షాంపూ వచ్చింది, చిన్న పాకిట్ల. రూపాయి, తర్వాత ఆఠాణ. ఖాళీ పాకిట్లు తెచ్చిస్తే ఒకటి ఉత్తగ ఇచ్చిండ్రు అక్కడి దుకాణాలల్ల. ఊర్లల్ల పిల్లగాండ్లను పిలిచి అందరి ముందట తలంటు పోసి, ఎండకు మెరుస్తున్న జుట్టు చూపిచ్చిండ్రు. నా దుకాణం ముందట గూడ పాకిట్ల తోరణాలు ఏలాడినయి. కూలి చేసుకునే తల్లి గూడ బిడ్డకు షాంపూ పెట్టగలిగింది, అది నిజం. నెలంత లెక్కేస్తే సీసా కంటె పాకిట్లకే ఎక్కువ పోయిన ఇండ్లున్నయి, అది గూడ నిజం. ఆ తోరణాలు చిరిగి మోరీలల్ల పడ్డయి. మోరీ తీసేటోడు కంపెనీ మనిషి కాదు.

మా దుకాణం బోర్డు సంగతి ఇనుండ్రి. ఒక కూల్‌డ్రింక్ కంపెనీ వాళ్లు వచ్చి ఉత్తగ బోర్డు రాయిస్తమన్నరు. రాసినంక చూస్తే బోర్డు నిండ వాళ్ల సీసా, మూలకు చిన్న అక్షరాలల్ల మా నాయిన పేరు. అసొంటి బోర్డులు ఇయ్యాల బజారు పొడుగున చూడుండ్రి. దుకాణం మనది, గోడ మనది, పేరు వాళ్లది.

ఇప్పుడు నల్లగొండోళ్లకు మాత్రమే తెలిసే ముచ్చట ఒకటి. మనం పండ్లు తోముకుంటుంటిమి యాప పుల్లతోని. బొగ్గు, ఉప్పు, కచ్చిక బూడిద. తర్వాత కోతి బొమ్మ నల్ల పండ్లపొడి. టీవీ వచ్చి అవన్నీ నామోషీ చేసింది. తెల్ల కోటు ఏసుకున్న మనిషి ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడితే పండ్లు గట్టిపడతయని చెప్పిండు. బొంబాయిల కూసుండి చెప్పేటోనికి మర్రిగూడ తెలుసునా, మునుగోడు తెలుసునా? మన బోర్ల నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువై పండ్లు పసుపు పచ్చగ గారపట్టి, కాళ్లు వంకర్లు పోయి, నడుములు వంగిపోయిన మనుషులు మన కండ్ల ముందట ఉన్నరు. నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచంల నల్లగొండ టెక్నిక్ అని పేరే ఉన్నది. నాగపూర్ నీరి సంస్థోళ్లు పటిక, సున్నంతోని కనిపెట్టిండ్రు. పేస్టు మింగే చిన్న పిల్లలకు మన దిక్కు అది మంచిది కాదని డాక్టర్లు చెప్తరు. టీవీ అందరికీ ఒకటే మాట చెప్తది. ఢిల్లీకి మంచిది మన ఊరికి చెడుపు కావచ్చు, దానికి ఆ ఎరుక లేదు. ఇప్పుడేమో అదే టీవీల పేస్టులల్ల ఉప్పు ఉన్నదంటరు, బొగ్గు ఉన్నదంటరు, యాప ఉన్నదంటరు. మన పెరట్ల చెట్టునే డబ్బాల పెట్టి మనకే అమ్ముతున్నరు.

నీళ్లు గూడ గట్లనే సరుకయినయి. ఫ్లోరైడ్ భయం నిజమే గనుక ఊరూరా ఫిల్టర్ నీళ్ల దుకాణాలు లేచినయి. ఇరవై లీటర్ల డబ్బా. 2015ల మన పక్క చౌటుప్పల్‌ల మిషన్ భగీరథ పైలాన్ పెట్టిండ్రు, కృష్ణా, గోదావరి నీళ్లు నల్లాలకు వచ్చినయి. అయినా డబ్బా నీళ్లు తాగేటోళ్లు తాగుతనే ఉన్నరు. నల్లా నీళ్లు బీదోళ్లవి అన్న మాట ఒకటి మనసుల పడ్డది. భయం అమ్మినోడు పోయిండు, భయం మాత్రం ఇంట్లనే ఉన్నది.

బట్ట సంగతికొస్తే నా గుండె మండుతది. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, మన సిరిపురం. దారానికి ముడులేసి, రంగులద్ది, మగ్గం మీద చెక్కుకున్న బతుకులు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. టీవీల మాత్రం ముడత పడని పాలిస్టర్ ఏసుకున్న మొగోడే మొగోడు అని చూపిచ్చిండ్రు. నూలు పంచె కట్టుకున్నోడు మోటోడు అయిండు. సాలోళ్ల పిల్లలు మగ్గం గుంట దిగుడు బంద్ చేసి పట్నం బస్సెక్కిండ్రు. తర్వాత అదే టీవీల సినిమా తారలు ఇక్కత్ కడితే గిరాకి తిరిగొచ్చింది. వచ్చింది ఎవలకు? మిల్లుల అచ్చు గుద్దిన ఇక్కత్ బొమ్మ చీరెకు. కొనేటామెకు తేడ తెలువదు. ఎనుక, ముందు తిప్పి చూస్తే తెలుస్తది బిడ్డా. నేసిన దాంట్ల రంగు రెండు దిక్కుల ఒకటే తీరు ఉంటది. అచ్చేసిన దాంట్ల ఎనుక ఎలిసిపోయి కనపడతది. గిది టీవీ చెప్పదు, అంగట్ల సాలాయన చెప్పేటోడు.

రైతు గూడ గిరాకి అయిండు. ఎన్క ఇత్తనం ఇంట్లదే, గుమ్మిల దాచింది, లేకపోతే పక్కింటాయన దగ్గర మార్చుకున్నది. 2002ల బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నాలుగు వందల యాభై గ్రాముల పాకిట్టు పదహారు వందల రూపాయల పైనే. గోడల మీద రాతలు, జీపులకు మైకులు, పత్తి కాయల పక్కన హీరోల బొమ్మలు. ఒక యేడు ఊరంత ఒక్కటే పాకిట్టు కోసం లైను కట్టిండ్రు, చెప్పులు లైన్ల పెట్టి పొయ్యిండ్రు. మల్ల యేడు అది వద్దని ఇంకో పాకిట్టు. మొదటిది చెడిందా అంటే ఎవలకు తెలువదు. పక్కోడు మార్చిండు, వీడు మార్చిండు. ఇత్తనం చూసి చెప్పే తెలివి చేతులకెళ్లి జారిపోయింది. 2006ల సర్కారు కొట్లాడి ఆ పాకిట్టు ధర 750 రూపాయలు చేయించింది. ధర దిగింది, తెలివి తిరిగి రాలే.

పెండ్లిళ్లు చూడుండ్రి. మా కాలంల అల్లునికి చేతి గడియారం, సైకిల్, రేడియో అడిగేటోళ్లు. టీవీ వచ్చినంక స్కూటర్, రంగుల టీవీ, ఫ్రిజ్. ప్రకటనల ఏది మెరిస్తే లాంఛనాల పట్టీల అది ఎక్కింది. బంగారం సంగతి చెప్పాల్నా? అక్షయ తృతీయ నాడు మా ఇండ్లల్ల పెండ్లి ముహూర్తం చూసుకునేది, దానం చేసేది. ఆ దినం తులం కొంటే సంపద అక్షయం అవుతదన్న మాట మా నాయినమ్మ నోట నేను ఒక్కనాడు ఇనలే. నగల దుకాణాలోళ్ల ప్రకటనలు పెరిగినంకనే ఆ ఆచారం మన దిక్కు గట్టిపడ్డది. డబ్బులు ఊరికే రావని చెప్పుకుంట బంగారం అమ్మే సేటు గూడ ఉన్నడు టీవీల. నవ్వొస్తది గని, ఆ రోజు చీటి పైసలు తీసి, అప్పు తెచ్చి కొనేటోళ్లను చూస్తే నవ్వు రాదు. ఎరువు సొమ్ము బరువు చేటు అని ఊకెనే అన్నరా పెద్దలు?

అన్నీ చెడ్డయే అంటే నేను అబద్ధం చెప్పినట్టు. సారా మీద ఆడోళ్లు తిరగబడ్డప్పుడు పత్రికలు వాళ్లెంబడి నిలబడ్డయి. నెల్లూరు జిల్లా దూబగుంటల అక్షరాలు నేర్చుకునే బడుల మొదలయిన మంట రాష్ట్రమంత అంటుకున్నది. 1993 అక్టోబరు 1 నుంచి సర్కారు సారా బంద్ చేయక తప్పలే. పోలియో చుక్కల మాట టీవీ చెప్పబట్టే తల్లులు పిల్లలను ఎత్తుకొని బూత్‌లకు ఉరికిండ్రు. అదే తెర, అదే మైకు. ఎవలు మాట్లాడుతున్నరు, వాళ్లకు ఏం కావాలె అన్న దాని మీదనే అంతా ఉన్నది.

ఇగ మీ ఫోన్ల కాడికి వస్త. 2016 సెప్టెంబరుల జియో వచ్చింది, మొదటి నెలలు నెట్టు ఉత్తగనే. తేయాకు కంపెనీలోళ్లు స్టేషన్‌ల చాయ తాపిచ్చినట్టే. ఇప్పుడు ఎన్ని జీబీలు ఉన్నా సాలుతలేదు. రేడియో వినేటోడు లైసెన్సు కట్టిండు, టీవీకి సబ్బు వాడు కట్టిండు, ఈ ఫోన్‌ల బొమ్మలకు ఎవలు కడుతున్నరు? మీరు ఏం చూస్తున్నరు, ఏ బొమ్మ కాడ ఆగిండ్రు అన్న లెక్క తీసుకునేటోళ్లు కడుతున్నరు. నా దుకాణంల ఎవలకు ఎంత బాకీ ఉన్నదో నా చిట్టాల ఉండేది, అడిగితే చూపెట్టేటోన్ని. మీ చిట్టా ఎవల దగ్గర ఉన్నదో మీకు చూపెట్టేటోడు లేడు.

పల్లె మనుషులు గూడ ఆ తెర మీదకొచ్చిండ్రు. జగిత్యాల దిక్కు లంబాడిపల్లి గంగవ్వ మన మాటతోని లోకమంత నవ్విచ్చింది. అది మనకు గర్వమే. అదే తెర మీద పేరున్నోళ్లు కొందరు బెట్టింగ్ యాప్‌లు ఆడుమని చెప్పిండ్రు. 2017లనే తెలంగాణల ఆన్‌లైన్ జూదం నిషేధం. అయినా ఆగలే. అప్పుల పాలయిన పిల్లలు ప్రాణాలు తీసుకున్నంక, 2025 మార్చిల హైదరాబాద్ పోలీసులు ఆ ప్రచారం చేసినోళ్ల మీద కేసులు పెట్టిండ్రు. అదే యేడు ఆగస్టుల పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను బంద్ చేసుకుంట ఢిల్లీల చట్టం వచ్చింది. చెప్పేటోనికి ఇనేటోడు లోకువ అన్న సామెత ఇంత నిజమయితదని మా తాతలు అనుకోలే.

అయితే తాతా, మమ్మల్ని ఏమీ కొనొద్దంటవా అని అడుగుతరు. అనను. నేను దుకాణం నడిపినోన్ని, కొనుడు తప్పంటే నా బువ్వకే తప్పు పెట్టినట్టు. ఒక్కటే చెప్త. ఏదన్న కొనే ముందట, ఇది చెడితే వచ్చే వారం నేను ఎవలను అడగాలె అని మీకు మీరు అడుగుకోండ్రి. జవాబు దొరికితే కొనుండ్రి. దొరకకపోతే ఆ సరుకును ఎంత పెద్ద హీరో చెప్పినా వదిలిపెట్టుండ్రి. ఆయన వచ్చే వారం ఇంకో సరుకు చెప్తడు, నీ ముందట కూసోడు.

అంగట్ల పది మందిల అడిగే దారి పోయింది గని, చట్టం ఒక దారి పెట్టింది. 1986ల వినియోగదారుల చట్టం వచ్చింది, 2019ల దాన్ని కొత్తగ రాసిండ్రు. తప్పుడు ప్రకటన ఇచ్చిన కంపెనీకి మొదటిసారే పది లక్షల దాక జుర్మానా ఏయొచ్చు. అది చెప్పిన హీరోకు గూడ జుర్మానా ఏయొచ్చు, యేడాది దాక ఏ ప్రకటనల చెప్పకుండ ఆపొచ్చు. జిల్లాకో కమిషన్ ఉన్నది, అండ్ల వకీలు లేకుండ మనమే పోయి చెప్పుకోవచ్చు. గని చేతిల కాగితం లేకపోతే ఎవలూ ఏం చేయలేరు. కాబట్టి ఏది కొన్నా బిల్లు అడగుండ్రి, దాచిపెట్టుండ్రి. మోసం జరిగితే సిగ్గుపడి ఊకోకుండ్రి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ కొట్టి చెప్పుండ్రి.